సొమ్మొకరిది, సోకొకరిది: బాలనటుడు జాకీ కూగన్ చరిత్రము

వారమునకు ఆరు డాలర్ల ఇరువదియైదు సెంట్లు. తన బొమ్మలు దేశదేశముల అంగళ్లలో అమ్ముడుపోవుచుండగా, తన చిత్రములు చూచుటకై జనులు టిక్కెట్ల కిటికీల యెదుట బారులు తీరుచుండగా, ఒక పసివానికి ఇంటిలో చేతిఖర్చు క్రింద ముట్టుచుండిన సొమ్మిది. వాడు బాల్యమున ఆర్జించిన ధనము ముప్పది నలువది లక్షల డాలర్లని నాటి అంచనా. వానికి ఇరువదియొకటవ యేడు నిండి, తన సొమ్ము తనకిమ్మని అడుగువేళకు, అందు చేతికి రాదగినది యేమియు లేదని తెలిసెను. సినిమా కబుర్లకు స్త్రీల పత్రికలో చోటేల యని కొందరు సోదరీమణులు ముక్కున వ్రేలు వేసికొనవచ్చును. తల్లియు, బిడ్డయు, బిడ్డ సంపాదనయు ఒకే కప్పు క్రింద నున్నపుడు ఏమి జరుగునో యీ కథయందు వలె మేము మరెచ్చటను చదివియుండలేదు. అందువలననే వ్రాయుచున్నాము.

జాకీ కూగన్ అసలు పేరు జాన్ లెస్లీ కూగన్. అతడు 1914 అక్టోబరు 26వ తేదీన అమెరికాదేశమున, కాలిఫోర్నియా రాష్ట్రమందలి లాస్ ఏంజిలిస్ నగరమున జన్మించెను. తండ్రి నర్తకుడు, నటుడు. ఆ దినములలో అమెరికాలో వాడెవిల్ అను వినోదప్రదర్శనలు ఊరూర జరుగుచుండెడివి. పాట, ఆట, గారడి, హాస్యము, పెంపుడు జంతువుల విన్యాసములు అన్నియు ఒకే వేదికపై ఒకదానివెంట నొకటి వచ్చుచుండును. నేడొక యూరు, రేపొక యూరు. కూగన్ కుటుంబము అట్టి సంచారజీవనము గడపినదే. నాటకపు పెట్టెల నడుమ పెరిగిన పిల్లవానికి రంగస్థలము కొత్త యేల యగును? మూడేండ్లు నిండకమునుపే, 1917లో, ఒక మూగచిత్రమున పసిబిడ్డగా కనబడెను.

1919లో లాస్ ఏంజిలిస్ నగరపు ఆర్ఫియం నాటకశాలలో తండ్రి తన ఆట ముగించి, కుమారుని వేదికమీదికి తీసికొనివచ్చెను. ఆ బుడుతడు నాట్యము చేసి, తండ్రిని అనుకరించి, సభవారిని కడుపుబ్బ నవ్వించెను. ఆ సభలో చార్లీ చాప్లిన్ ఉండెను. చిరుమీసము, వంకర చేతికర్ర, వదులు లాగు గల ఆ చాప్లిన్‌ను ఎరుగని యిల్లు మన దేశముననైనను అరుదు. కాని ఆ సంవత్సరమే జూలై మాసమున ఆయన యింట జరిగిన విషాదము పలువు రెరుగరు. ఆయన తొలిచూలు బిడ్డ పుట్టిన మూడవనాడే మరణించెను. అది జరిగిన కొద్ది కాలమునకే ఆయన కన్ను ఈ బాలునిపై పడెను. పోయిన బిడ్డకును దొరికిన బిడ్డకును మనస్సులో నేమి ముడిపడెనో ఆయనకే తెలియవలెను. ముందుగా ఒక చిన్న చిత్రమున చిన్న పాత్ర నిచ్చి చూచెను. పిదప కొన్ని నెలల పాటు శ్రమించి తీసిన చిత్రమే ‘ది కిడ్’. మన భాషలో పసివాడని చెప్పుకొనవచ్చును. ఆరు రీళ్ల నిడివి గల ఆ చిత్రము 1921 జనవరి 21న న్యూయార్కు నగరమున తొలిసారి ప్రదర్శింపబడెను.

ఆ కథ సామాన్యమైనదే. పెండ్లికాని తల్లి యొకతె తన పసికందును ఒక ధనవంతుని మోటారుకారులో విడిచి పోవును. దొంగలు ఆ కారు నెత్తుకొనిపోయి, బిడ్డను ఒక మురికివాడ సందులో పారవైచెదరు. గతిలేని దేశదిమ్మరియైన చాప్లిన్ వానిని చేరదీయును. అయిదేండ్లు గడచునప్పటికి ఆ యిరువురును ఒక వ్యాపారము కనిపెట్టుదురు: పిల్లవాడు రాళ్లు రువ్వి వీధిలోని కిటికీల అద్దములు పగులగొట్టును, అప్పుడే వచ్చినవానివలె పెంపుడుతండ్రి అద్దములు వీపున మోసికొని వచ్చి, వాటిని బాగుచేసి కూలి పుచ్చుకొనును. ఇంటిలో వంట పిల్లవానిదే. వాడు అట్లు పోసి కుప్పగా పేర్చి, సోమరియై మంచము దిగని తండ్రిని పిలుచు తీరు చూచినపుడు, చిన్ననాడే గరిటె పట్టిన మన బాలికలు జ్ఞప్తికి రాకపోరు. ఆ అట్లను ఇరువురును సమముగా పంచుకొను ముచ్చట మేమెన్నిమార్లు చూచినను తనివి తీరనిది.

చాప్లిన్ ఈ బాలునియందు కనుగొన్న విశేషము అనుకరణశక్తి. ఆయన ఒక చేష్ట చూపును. వాడు దానిని అట్లే చేయును. మూడు నాలుగు పర్యాయములు చేయునప్పటికి ఆ చేష్టలోని భావము వాని ముఖమున తానై వెలయును. మన నాట్యశాస్త్రకారులు అనుభావములనియు సాత్త్వికభావములనియు విభజించి చెప్పిన విషయము అయిదేండ్లవాడు శాస్త్రమెరుగకయే చేసి చూపెనని తోచును.

అయినను ఒక్క దృశ్యము దగ్గర వాని యెదుట శాస్త్రము గాని విద్య గాని పనిచేయలేదు. అనాథశరణాలయపు అధికారులు వచ్చి, బాలుని పెంపుడుతండ్రి చేతులనుండి లాగికొని బండిలో పడవేయుదురు. వాడు చేతులు చాచి యేడ్వవలెను. ఆ రోజున జాకీ మహోల్లాసముగా నుండెనట. ఎన్ని కథలు చెప్పినను కన్నీటి చుక్క రాలలేదట. అప్పుడు తండ్రి, తాను ఏడిపించెదనని ముందుకు వచ్చెను. బిడ్డను బెదరింపవలదు, కొట్టవలదని చాప్లిన్ చెప్పి, అచ్చట నిలిచి చూడలేక తన గదికి పోయెను. కొంతసేపటికి గుండెలు పగులునట్లు బాలుని యేడ్పు వినబడెను. దృశ్యము చిత్రింపబడెను. ఏమి చేసితివని చాప్లిన్ అడుగగా, నీవు ఏడ్వకున్నచో నిజముగనే నిన్ను ఇచ్చటినుండి కొనిపోయి శరణాలయమున పడవేయుదుమని చెప్పితినని తండ్రి బదులిచ్చెను. చాప్లిన్ బాలుని యెత్తుకొని, నిన్నెవరును తీసికొనిపోరని ఓదార్చగా, నాన్న వేళాకోళమునకే అన్నాడని తనకు తెలియునని వాడు చెవిలో చెప్పెనట. ఇదంతయు చాప్లిన్ 1964లో వెలువరించిన స్వీయచరిత్రమున వ్రాసికొనినదే. తెలిసియే యేడ్చినయెడల గొప్ప నటుడు. తెలియక యేడ్చినయెడల వట్టి పసివాడు. మాకు మాత్రము వాడు ఆ క్షణమున రెండును అయియుండుననియే నమ్మకము. ఏ తల్లియైనను ఆ దృశ్యము చూచి చప్పట్లు కొట్టుటకు ముందొక నిమిషము ఆగును.

చిత్రము వెలువడుటతో బాలుని పేరు ఖండాంతరములకు ప్రాకెను. వదులు చొక్కా, చెవులమీద దిగజారు టోపీ, నుదుట కత్తిరించిన జుత్తు, పెద్దపెద్ద కన్నులు ప్రతియూరి గోడమీదను వెలసెను. వాని రూపముతో బొమ్మలు, ఈలలు, వ్రాతకాగితములు, గ్రామఫోను పలకలు, తుదకు వేరుసెనగ వెన్న డబ్బాలు సైతము అమ్మిరి. నటుని ముఖమును సరకుగా చేసి ఇంత విరివిగ అమ్ముట వానితోడనే మొదలయ్యెనని చెప్పుదురు. 1922లో డికెన్సు మహాశయుని ‘ఆలివర్ ట్విస్ట్’ నవలను చిత్రముగా తీసినపుడు ఆలివర్ వాడే; దొంగల గురువు ఫేగిన్ పాత్ర ధరించినవాడు లాన్ చేనీ అను మహానటుడు. 1923లో మెట్రో కంపెనీ వానిని తమవద్దకు రప్పించుకొనునపుడు ఒప్పందపు కానుకగానే అయిదు లక్షల డాలర్లు ఇచ్చెనని నాటి ప్రసిద్ధి. అప్పటికి వానికి తొమ్మిదేండ్లు నిండలేదో, అప్పుడే నిండెనో! జుత్తు పెరిగిన కొలది వయస్సు తెలియుచుండుటచేత, 1927లో ఆ జుత్తు కత్తిరించుటయే ఒక చిత్రమునకు పేరును ఇతివృత్తమును అయ్యెను. పుట్టువెండ్రుకలు తీయించుట మనకును వేడుకయే గాని, దానికి టిక్కెట్టు పెట్టి అమ్ముట మనమెరుగము.

వాని బాల్యమున మేము మనసార మెచ్చు ఘట్టమొకటి కలదు. మొదటి మహాయుద్ధానంతరమున ఆర్మీనియనులు, గ్రీకులు లక్షలకొలది నిర్వాసితులై, వారి పిల్లలు శరణాలయములలో అలమటించుచుండిరి. వారికై నియర్ ఈస్ట్ రిలీఫ్ అను సంస్థ సాయము సేకరించుచుండెను. 1924లో ఈ బాలుడు ఆ సంస్థ పక్షమున అమెరికాలోను ఐరోపాలోను సంచరించి, పిల్లలనుండి బట్టలు, ఆహారపదార్థములు సేకరించెను. వాని విలువ పదిలక్షల డాలర్లకు మించెను. గ్రీసుదేశమున గౌరవము లందెను. రోమునగరమున పదునొకండవ పయస్ పోపుగారి దర్శనభాగ్యమును కలిగెను. తెరమీద అనాథగా నటించినవాడు నిజమైన అనాథలకు అన్నము పెట్టించెను. ఆ సంచారమువలన చిత్రములకు ప్రచారము దొరికెనని నిందించువారు నిందింతురు గాక. ఆకలిగొన్న బిడ్డకు రొట్టె దొరికెను.

పదియేండ్ల వరకు చదువు ఇంటివద్ద ఉపాధ్యాయునిచేతనే. ఆ పిమ్మట సైనికపాఠశాలలో చేర్పించిరి. గొంతు మారెను, కాళ్లు పొడుగయ్యెను. 1930లో ‘టాం సాయర్’, 1931లో ‘హకల్‌బెరీ ఫిన్’ అను వాక్చిత్రములలో నటించెను గాని, వెనుకటి మెరపు మరలలేదు. ఇందులో వాని తప్పేమున్నది? పెరుగుటయే నేరమైన వృత్తి యిది యొక్కటియే కాబోలు. ఇంతలో తమ్ముడు రాబర్టు కూగన్ 1931లో ‘స్కిప్పీ’ అను చిత్రమున బాలనటుడై పేరు తెచ్చుకొనెను.

1935 మే 4వ తేదీన ఘోరము జరిగెను. తండ్రి, జాకీ, వాని ప్రాణస్నేహితుడును ‘హకల్‌బెరీ ఫిన్’ చిత్రమున కథానాయకుడును అయిన జూనియర్ డర్కిన్, మరి యిరువురు మెక్సికోలో పక్షులవేటకు పోయి కారులో తిరిగివచ్చుచుండిరి. శాన్ డియాగో ప్రాంతపు కొండదారిలో కారు అదుపు తప్పి పడిపోయెను. బ్రతికి బయటపడినవాడు జాకీ యొక్కడే. ఇరువది యేండ్లవానికి ఒక్క పూటలో తండ్రియు మిత్రుడును లేకపోయిరి. ఆ తండ్రి, నీ సొమ్మంతయు నీకై దాచబడుచున్నదని చెప్పుచుండెడివాడని జాకీ జీవితాంతము నమ్మెను. కాని ఆ మాటకు వ్రాత లేదు. మాట చెప్పినవాడు లేడు.

తరువాత తల్లి లిలియన్, కుటుంబపు ఆర్థికవ్యవహారములు చూచుచుండిన ఆర్థర్ బెర్న్‌స్టైన్‌ను వివాహమాడెను. పెద్దపద్దులు వ్రాసిన గుమాస్తాయే యింటి యజమాని అయ్యెను. యుక్తవయస్సు వచ్చిన జాకీ తన ధనమడుగగా, రావలసిన దేమియు లేదనిరి. 1938 ఏప్రిలులో అతడు కన్నతల్లిమీదను మారుతండ్రిమీదను న్యాయస్థానమున దావా వేసెను. వారి వాదము సూటియైనది: ఇరువదియొక్క యేడు నిండువరకు బిడ్డ సంపాదించినదంతయు తలిదండ్రులది, అతనికి ఎవరును ఏమియు ఇచ్చెదమని మాట యియ్యలేదు. నగలు, ఉన్నిచర్మపు అంగీలు, ఖరీదైన కార్లు, మేడలు, ఇవన్నియు చట్టము ప్రకారము వారి సొమ్ముతో వారు కొనుక్కొనినవే. నిజమునకు కాలిఫోర్నియా చట్టము ఆనాడు వారి పక్షముననే యుండెను. తల్లి తన కొడుకు మాట వినని వాడని పత్రికలవారి యెదుట చెప్పెననియు చదివితిమి. తల్లీకొడుకుల వాదోపవాదములు ప్రతియుదయము కాఫీతోపాటు దేశమంతయు చదివినది.

ఇచ్చట మా కొక స్మృతివాక్యము తోచుచున్నది. మాకు చిన్నతనమున మా తండ్రిగారు ధర్మశాస్త్రములు చెప్పునపుడు, మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమందలి రెండు స్థలములు మాకొక చిక్కుముడిగా నుండెడివి. అధ్యాయపు చివర, ఆలికిని కొడుకునకును దాసునకును సొంత ధనమనునది లేదనియు, వారు గడించినది వారి యేలికకే చెందుననియు విధించుట కలదు. కాలిఫోర్నియావారి పాతచట్టము దీనికి సవతితమ్ముడు! అయితే ఆ అధ్యాయపు మొదటనే, బాలునకు దాయముగా వచ్చిన సొత్తును వాడు విద్య ముగించి యింటికి వచ్చువరకు, లేదా బాల్యము గడచువరకు, రాజు కాపాడవలయునని విధి కలదు. తాతలు ఇచ్చిన సొత్తునకు రాజరక్షణము. తన చెమటోడ్చి తెచ్చిన సొత్తునకు ఏ రక్షణము లేదు. ఇదెట్టి న్యాయమని అడిగితిమి. నాటి బాలుడు లక్షలార్జించునని ఎవరు తలచిరమ్మా అని మా తండ్రిగారు నవ్విరి. ఆ సమాధానము అప్పటికి సరిపోయెను గాని, జాకీ కథ చదివిన పిదప సరిపోలేదు.

ఆ తల్లిని రక్కసిగా చిత్రింపవలెనని మాకు లేదు. ఊరూర పెట్టెలు మోసి, బిడ్డకు రంగులు పూసి, దీపముల వేడిమిలో గంటలకొలది వానిని కనిపెట్టుకొనియున్నది ఆమెయు ఆమె భర్తయు. మా శ్రమ లేనిదే వాడెక్కడ అని ఆమె అనుకొనియుండును. మన యిండ్లలోను ఆడపిల్లకు పుట్టినరోజున మేనమామ పెట్టిన వెండిగిన్నె ఎన్నిమార్లు తాకట్టుకొట్టు గడప తొక్కలేదు? ‘మన దగ్గరనే యున్నదిలే’ అనుకొందుము. తేడా యెచ్చట వచ్చుననగా, తాకట్టు విడిపించి యిచ్చినవారు ధర్మాత్ములు. విడిపింపనివారు, అది నీదని నీకెవరు చెప్పిరని అడుగువారు. లిలియన్ ఆ మాటయే అడిగినది. అదియు న్యాయస్థానమున అడిగినది.

వ్యవహారము 1939లో రాజీ పడెను. లక్షలు లక్షలు పోగా ఆస్తిలో మిగిలినది రెండున్నర లక్షల డాలర్ల ప్రాంతము. అందు జాకీకి వచ్చినది సుమారు 1,26,000 డాలర్లు. కాని దేశమంతయు ఆ వ్యాజ్యమును చూచుచుండుటచేత, అదే 1939లో కాలిఫోర్నియా శాసనసభ బాలనటుల సంపాదనకై ఒక చట్టము చేసెను. దానిని నేటికిని కూగన్ చట్టమనియే పిలుతురు. పిల్లవాని జీతములో కొంతభాగము వేరుగా నిక్షేపింపవలెనని న్యాయస్థానము ఆజ్ఞాపింపవచ్చునని అందు కలదు. అది కంతలు గల వల. న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందములకే అది వర్తించెను. తక్కినవి దానికి చిక్కలేదు. ఆ తరువాతి బాలనటులు పలువురు పెరిగి చూచుకొనగా పెట్టె ఖాళీ. 2000 సంవత్సరము మొదటి దినమున అమలులోనికి వచ్చిన సవరణతో గాని, పిల్లల సంపాదన పిల్లలదే యని స్పష్టపడలేదు. నూటికి పదునైదు వంతులు తప్పనిసరిగ నిధిలో చేర్పవలెనన్న నియమమును అప్పుడే వచ్చెను. 2024లో ఆ రాష్ట్రమువారు, ఇంటర్నెట్టున తమ పిల్లల ఆటపాటలు చూపి ధనమార్జించు కుటుంబములకును ఇట్టి నియమములు విస్తరించిరి. చేతిఫోనుతో బిడ్డ ముద్దుమాటలు చిత్రించి లోకమునకు పంపు తల్లులు మన వీధిలోను కలరు గనుక, ఈ సంగతి దూరదేశపు ముచ్చటగా తోసివేయరాదు.

మన దేశమున 2016లో బాలకార్మిక చట్టమును సవరించి, 2017లో నియమములు చేసిరి. చదువు చెడకుండ పదునాలుగేండ్లలోపు పిల్లలు నటింపవచ్చును గాని, దినమునకు అయిదు గంటలకు మించరాదు. విశ్రాంతి లేక మూడు గంటలకు మించరాదు. ఎడతెగక ఇరువదియేడు దినములకు మించరాదు. బిడ్డకు ఇష్టము లేనిదే చేయింపరాదు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెను. వచ్చిన ఆదాయములో నూటికి ఇరువది వంతులైనను జాతీయబ్యాంకులో బిడ్డ పేర ఫిక్సెడ్ డిపాజిటుగా వేయవలెను. యుక్తవయస్సు వచ్చినపుడు అది వానికే చేరును. టెలివిజను పాటలపోటీలకు, ఆటలపోటీలకు పిల్లలను పంపు తల్లులు పట్టుచీరె ఎంచుకొనునంత శ్రద్ధతో ఆ డిపాజిటు రసీదును అడిగి పుచ్చుకొందురని ఆశింతుము.

ఇక జాకీ సంగతి. ధనము పోయెను, 1937లో పెండ్లాడిన సుప్రసిద్ధనటి బెట్టీ గ్రేబుల్ రెండేండ్లకే దూరమయ్యెను. కష్టకాలమున చాప్లిన్ వేయి డాలర్లిచ్చి ఆదుకొనెనని చెప్పుదురు. 1941 మార్చిలో జాకీ సైన్యమున చేరెను. విమానము నడుపుట ముందే నేర్చియుండుటచేత గ్లైడరు చోదకుడయ్యెను. గ్లైడరనగా యంత్రము లేని విమానము. వేరొక విమానము దానిని త్రాటితో లాగికొనిపోయి విడువగా, అది గాలిలో తేలుచు దిగును. దిగుట తప్పినచో రెండవ ప్రయత్నము లేదు. 1943 చివర ఆయన దళము మన దేశమునకు వచ్చెను. 1944 మార్చి 5వ తేదీ రాత్రి అస్సాములోని లాలాఘాట్ విమానక్షేత్రమునుండి బయలుదేరిన గ్లైడర్లు బర్మా అడవులలో, జపాను సేనల వెనుక, చెట్లు లేని యొక చదునులో వింగేటు సేనాని యొక్క చిండిట్ సైనికులను దింపినవి. కొన్ని త్రాళ్లు తెగి మార్గమధ్యముననే పడినవి. కొన్ని దిగునపుడు విరిగినవి. ఆ రాత్రి సైనికులను కొనిపోయి దింపిన చోదకులలో జాకీ కూగన్ ఒకడు. ఆరేండ్లప్పుడు వానిని చూచి లోకము యేడ్చినది. ఆ రాత్రి చీకటిలో వాని నెవరును చూడలేదు.

యుద్ధము ముగిసి తిరిగిపోవునప్పటికి చిత్రపరిశ్రమకు ఆయన అక్కర లేకపోయెను. నెత్తిన జుత్తు పలుచబడెను, ఒళ్లు వచ్చెను. చిన్నచిన్న పాత్రలు, రాత్రిప్రదర్శనలు, దొరికిన పనియెల్ల చేసెను. ఇంతలో టెలివిజను ఇంటింటికి వచ్చెను. కొత్తపెట్టెకు కొత్తముఖములతోపాటు పని తెలిసిన ముదురు చేతులును కావలసివచ్చెను. 1952, 53లలో ఒక పశ్చిమదేశపు గుర్రపురౌతుల ధారావాహికలో నాయకుని చెలికాడుగా వేసెను. 1952లోనే చేసికొనిన నాల్గవ వివాహము ఆయన మరణమువరకు నిలిచెను.

1964 సెప్టెంబరులో ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ మొదలయ్యెను. చార్లెస్ ఆడమ్స్ అను చిత్రకారుడు పత్రికలో గీసిన వింతకుటుంబమే దానికి మూలము. మనము భయపడునవి వారికి ప్రీతి. మనకు ప్రియమైనవి వారికి వెగటు. అందు అంకుల్ ఫెస్టర్ జాకీ. నున్నని గుండు, కన్నుల చుట్టు నల్లని వలయములు, నేలను జీరాడు నల్లని అంగీ. నోట విద్యుద్దీపము పెట్టుకొనిన చాలు, అది వెలుగును! పిల్లలు విరగబడి నవ్విరి. 1966 ఏప్రిలు వరకు అరువదినాలుగు భాగములు వచ్చినవి. ఆ గుండుమామయే ఒకనాటి కన్నీటి పసివాడని ఆ పిల్లల బామ్మలు చెప్పవలసివచ్చెను గాని, పిల్లలు నమ్మిరో లేదో! లోకము మెచ్చిన చక్కదనము పోయెనని క్రుంగక, ఆ పోయినదానినే హాస్యమునకు పెట్టుబడిగా మార్చుకొనిన ఈ రెండవ జీవితమే మాకు మొదటిదానికంటె ఘనముగా తోచును. అందులో ఏ రూపాయియు వేరొకరి పద్దున వ్రాయబడలేదు. 1973లో అదే కథను బొమ్మలచిత్రముగా చేసినపుడు ఫెస్టరునకు ఆయనయే గొంతు నిచ్చెను. అందు ఇంటి పిల్లవానికి గొంతు నిచ్చినది జోడీ ఫాస్టర్ అను బాలిక. తరువాత ఆమె పెరిగి, ఉత్తమనటిగా రెండుమార్లు ఆస్కారు బహుమతి నందినది.

1972 ఏప్రిలులో, ఇరువదియేండ్ల ఎడబాటు తరువాత, వృద్ధుడైన చాప్లిన్ ఆస్కారు గౌరవము పొందుటకు అమెరికాకు వచ్చెను. ఆయనను ఎదుర్కొనినవారిలో జాకీ ఉండెను. ఏబదియేడేండ్ల ఆ స్థూలకాయుని చూచి చాప్లిన్ కౌగిలించుకొనెను. జాకీ 1984 మార్చి 1న, అరువదితొమ్మిదవ యేట, హృద్రోగముచే కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో మరణించెను. ‘ది కిడ్’ చిత్రమును 2011లో అమెరికా జాతీయ చిత్రనిధిలో చేర్చిరి. ఆయన మనుమడు కీత్ కూగన్ కూడ బాల్యమునుండియే నటుడు. తాత మరణానంతరము ఆ యింటిపేరు ధరించెను.

చెప్పక మిగిలినది ‘ఆలివర్ ట్విస్ట్’ సంగతి. 1922 నాటి ఆ చిత్రము ప్రతులన్నియు నశించినవనియే చాలకాలము తలచిరి. 1970 దశకమున యుగోస్లావియాలో ఒక ప్రతి బయటపడెను. బొమ్మలు కలవు గాని, నడుమనుండవలసిన ఇంగ్లీషు వ్రాతపలకలు లేవు. ఏ దృశ్యమున ఎవరేమి పలికిరో జ్ఞప్తి చేసికొని, ఆ పలకలను మరల వ్రాయుటకు నాటి నిర్మాతతోపాటు తోడ్పడినవాడు, ఎనిమిదవ యేటి తన ముఖమును తెరమీద చూచుకొనుచు కూర్చుండిన జాకీ కూగన్.